ఆర్కిటెక్ట్‌ని ఏం అడగాలి? ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ సాయం ఎన్ని రకాలు, ఏది ఎప్పుడు

ప్రాజెక్ట్ ఎందుకు ఆలస్యమైందో వివరించే రిపోర్టుల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: 'ఊహించని డిపెండెన్సీ'. చాలాసార్లు దాన్ని ఎవరూ ఊహించనక్కర్లేదు, సంస్థలో ఎవరో ఒకరికి అది ముందే తెలుసు. పక్క టీమ్ అదే నెలలో తమ సిస్టమ్‌ని ఫ్రీజ్ చేస్తోందనో (అంటే కొన్నాళ్లు ఏ మార్పూ చేయనివ్వదనో), మీరు కనెక్ట్ చేయాలనుకున్న అప్లికేషన్‌ని వచ్చే ఏడాది తీసేస్తున్నారనో, మీరు నమ్ముకున్న డేటాబేస్ లైసెన్స్ ఒప్పందం ముగిసిపోతోందనో ఎవరికో తెలుసు. ఆ సంగతి ప్రాజెక్ట్ మేనేజర్ చెవిన పడలేదు, అంతే.

సంస్థలో ఏ పని ఏ సిస్టమ్ మీద నడుస్తోంది, ఆ సిస్టమ్‌ల మధ్య ఏ డేటా తిరుగుతోంది, నాలుగైదేళ్లలో ఇదంతా ఎటు వెళ్లాలి అని చూసుకునేది ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ టీమ్. ప్రాజెక్ట్ మేనేజర్‌కి తన స్కోప్ లోపల పట్టు ఉంటుంది. స్కోప్ గీత దాటిన మరుక్షణం ఆయనకి గానీ ఆమెకి గానీ కళ్లు లేవు. ఆ గీత బయట ఏముందో తెలిసినవాళ్లు ఆర్కిటెక్ట్‌లు. అయినా చాలా సంస్థల్లో ఈ ఇద్దరూ కలిసేది ఒక్కచోటే, అదీ డిజైన్లని పరిశీలించే రివ్యూ బోర్డు ముందు, సైన్‌ఆఫ్ (ఆమోదం) కోసం. దాంతో ఆర్కిటెక్చర్ అంటే రోడ్డు మధ్యలో వేసిన స్పీడ్ బ్రేకర్ అనే అభిప్రాయం ప్రాజెక్ట్ మేనేజర్లలో స్థిరపడిపోయింది.

అసలు ఈ సాయం చాలా రూపాల్లో దొరుకుతుంది. రివ్యూ బోర్డు వాటిలో ఒకటి మాత్రమే, నా లెక్కలో అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడేది కూడా. ప్రతి ప్రాజెక్ట్‌కీ అన్నీ అవసరం లేదు. ఏది అడగాలో తెలియకపోతే మాత్రం ఏది ఇస్తే అది పుచ్చుకోవాల్సి వస్తుంది.

ప్రాజెక్ట్ మేనేజర్ ఎక్కడ అడుగుపెడుతున్నారు

ఈ రంగంలో ఎక్కువ మంది వాడే పద్ధతి టోగాఫ్. దీన్ని చూసుకునేది ఓపెన్ గ్రూప్ అనే సంస్థ. తొలి వెర్షన్ 1995లో వచ్చింది. దానికి ఆధారం అమెరికా రక్షణ శాఖ తయారుచేసుకున్న టాఫిమ్ అనే ఆర్కిటెక్చర్ చట్రం. పదో ఎడిషన్ 2022లో వచ్చింది. పని 'ఎ' నుంచి 'హెచ్' దాకా దశలుగా సాగుతుంది. 'ఎ'లో ఎటు వెళ్లాలో తేలుస్తారు. 'బి', 'సి', 'డి'లలో వ్యాపారం, డేటా, అప్లికేషన్లు, టెక్నాలజీ ఇప్పుడెలా ఉన్నాయి, ఎలా ఉండాలి అని గీస్తారు. 'ఇ'లో ఆ తేడాని ప్రాజెక్టులుగా విడగొడతారు. 'ఎఫ్'లో వరస, ఖర్చు, మైగ్రేషన్ ప్లాన్ తేలతాయి. 'జి' అమలు మీద నిఘా, 'హెచ్' ఆ తర్వాత వచ్చే మార్పుల సంగతి.

ప్రాజెక్ట్ మేనేజర్ని సాధారణంగా 'ఎఫ్' చివర్లోనో 'జి' మొదట్లోనో పిలుస్తారు. అప్పటికి పని ముక్కలైపోయింది. ఈ ముక్కలో ఇది ఎందుకుంది, అది పక్క ప్రాజెక్ట్‌కి ఎందుకు పోయింది అన్న చర్చ 'ఇ'లోనే ముగిసింది. మీ చేతికి వచ్చేది స్కోప్ మాత్రమే, కారణాలు రావు. కారణాలు తెలియని స్కోప్‌ని కాపాడుకోవడం కష్టం. ప్రాజెక్ట్‌కి డబ్బు పెట్టే స్పాన్సర్ ఏదైనా కొత్తది చేర్చమన్నప్పుడు కాదనడానికి మీ దగ్గర తేదీ తప్ప వేరే వాదన ఉండదు. అందుకే మీ సంస్థలో వీలుంటే 'ఇ' దశ మీటింగుల్లో ఒక్కదానికైనా కూర్చోండి. మాట్లాడకపోయినా పర్వాలేదు.

సర్టిఫికేషన్ కోసం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడ్ పిఎంబాక్ చదివినవాళ్లకి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. 2017 నాటి ఆరో ఎడిషన్‌లోని 49 ప్రాసెస్‌లలో చాలావాటికి ఇన్‌పుట్‌గా సంస్థ పరిస్థితులు, సంస్థ దగ్గరున్న పాత సమాచారం అని పదేపదే వస్తాయి. పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తాం. ఐటీ ప్రాజెక్టుల్లో ఆ ఇన్‌పుట్‌లో పెద్ద భాగం దొరికేది ఆర్కిటెక్చర్ టీమ్ దగ్గరే.

మొదటి రకం: రివ్యూ బోర్డు

డిజైన్ తయారయ్యాక బోర్డు ముందు పెడతారు. ప్రమాణాలకు తగ్గట్టుందా, ఉన్న సిస్టమ్‌నే మళ్లీ కడుతున్నామా, సెక్యూరిటీ సరిపోతుందా అని వాళ్లు అడుగుతారు. సంస్థకి ఇది అవసరమే. లేకపోతే ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ప్రతి టీమ్ తనకు నచ్చిన టూల్ కొనుక్కుంటుంది. ప్రాజెక్ట్ మేనేజర్ వైపు నుంచి చూస్తే మాత్రం ఇది ఆలస్యంగా అందే సాయం. డిజైన్ అయిపోయాక చెప్పిన తప్పు, తప్పుగా కాకుండా రీవర్క్‌గా ప్లాన్‌లోకి వస్తుంది.

బోర్డు తప్పనిసరి అయినప్పుడు దాని నుంచి రాబట్టుకోవాల్సింది ఒకటుంది. ప్రమాణం పాటించడం ఇప్పుడు కుదరకపోతే కొంత కాలానికి మినహాయింపు ఇచ్చే ఏర్పాటు టోగాఫ్‌లో ఉంది. దాని షరతు గడువే. శాశ్వత మినహాయింపు ఇవ్వరు. ప్రాజెక్ట్ మేనేజర్లు దీన్ని చిన్న విజయంలా తీసుకుని మర్చిపోతారు. గడువు తేదీని, ఆ తేదీకి పని సరిచేయడానికయ్యే ఖర్చుని అప్పుడే రాసిపెట్టండి. ఆ ఖర్చు మీ ప్రాజెక్ట్ బడ్జెట్‌లోదా, తర్వాత సిస్టమ్‌ని నడిపే టీమ్‌దా అన్నది అదే మీటింగ్‌లో మినిట్స్‌లోకి ఎక్కాలి. ఎక్కకపోతే ప్రాజెక్ట్ క్లోజర్ రోజు సపోర్ట్ టీమ్ 'ఇది మేం తీసుకోం' అంటుంది, వాళ్ల తప్పు కూడా ఉండదు.

రెండో రకం: ప్రాజెక్ట్‌లో కూర్చునే ఆర్కిటెక్ట్

అందరూ కోరుకునేది ఇదే. టీమ్‌తో కలిసి పనిచేసే ఆర్కిటెక్ట్ ఉంటే ప్రశ్నలు అప్పటికప్పుడే తేలిపోతాయి, బోర్డుకి వెళ్లేసరికి అక్కడ ఆశ్చర్యపోవడానికి ఏమీ మిగలదు. ఇబ్బంది ఏంటంటే అలాంటి మనుషులు కొద్దిమందే ఉంటారు, వాళ్లని పది ప్రాజెక్టులు పంచుకుంటాయి. ఇంకో చిక్కు నెమ్మదిగా బయటపడుతుంది. ఆరు నెలలు మీ టీమ్‌తోనే తిరిగిన ఆర్కిటెక్ట్ మీ సొల్యూషన్ ఆర్కిటెక్ట్‌గా, అంటే మీ ఒక్క ప్రాజెక్ట్ డిజైన్ చూసే మనిషిగా మారిపోతారు. ఏ బయటి చూపు కోసం తెచ్చుకున్నారో అది పోతుంది.

నా సలహా: పూర్తికాలం అడగకండి, మొదట్లో ఎక్కువ అడగండి. ప్లాన్ బేస్‌లైన్ అయ్యేలోపు (ఖరారయ్యేలోపు) వారానికి రెండు రోజులు దొరికితే, ప్రాజెక్ట్ అంతటా వారానికి సగం రోజు దొరకడం కన్నా అది మేలు. ఖరీదైన నిర్ణయాలన్నీ ఆ మొదటి వారాల్లోనే జరుగుతాయి. ఆ తర్వాత అవసరమైనప్పుడు పిలిస్తే వచ్చే ఒప్పందం ఉంటే చాలు.

మూడో రకం: మ్యాప్ తీసి మీరే చూసుకోవడం

దీన్ని చాలామంది వాడుకోరు. ఆర్కిటెక్చర్ టీమ్ దగ్గర ఏదో ఒక రిపాజిటరీ ఉంటుంది. పెద్ద టూల్ కావచ్చు, ఒట్టి స్ప్రెడ్‌షీట్ కావచ్చు. అప్లికేషన్ల జాబితా, వాటి ఓనర్లు, వాటి మధ్య తిరిగే డేటా, ఏది ఎన్నాళ్లుంటుంది అనే వివరాలు అందులో ఉంటాయి. దాన్ని చూడ్డానికి ఆర్కిటెక్ట్ సమయం అక్కర్లేదు, యాక్సెస్ ఉంటే చాలు.

ఒక టెలికాం సంస్థ కస్టమర్ల వివరాలుండే పాత సిస్టమ్‌ని మారుస్తోందనుకుందాం. ప్రాజెక్ట్ చార్టర్‌లో నాలుగు ఇంటర్‌ఫేస్‌లు (వేరే సిస్టమ్‌లతో డేటా ఇచ్చిపుచ్చుకునే చోట్లు) రాశారు: బిల్లింగ్, కాల్ సెంటర్, వెబ్‌సైట్, మొబైల్ యాప్. డేటా ప్రవాహాల మ్యాప్ తీస్తే ఇంకో రెండు గీతలు కనపడతాయి. మోసాలు పట్టే టీమ్ రోజూ రాత్రి ఒక ఫైల్ తీసుకుంటోంది. బిల్లులు ప్రింట్ చేసే బయటి వెండర్‌కి చిరునామాల ఫైల్ వెళుతోంది. మూడోది మ్యాప్‌లో కూడా ఉండదు: ఫైనాన్స్‌లో ఒకరు నెలాఖరు రిపోర్ట్ కోసం డేటాబేస్ టేబుల్స్‌నే నేరుగా చదువుతున్నారు. ఇంటర్‌ఫేస్ అని ఎవరూ పేరు పెట్టలేదు కాబట్టి ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. కొత్త సిస్టమ్ గో-లైవ్ అయిన నెల చివర్లో ఆ రిపోర్ట్ ఖాళీగా వస్తుంది, అప్పుడు ఫోన్ మీకే వస్తుంది.

అందుకే మ్యాప్‌ని పూర్తిగా నమ్మకండి, దాన్ని పక్కన పెట్టుకుని ఆపరేషన్స్ టీమ్ దగ్గరికి వెళ్లండి. పనులని వేళకి వాటంతటవే నడిపే బ్యాచ్ షెడ్యూలర్‌లో ఉన్న జాబ్‌ల జాబితా అడగండి. ఒక రోజు లాగ్ సరిపోదు, నెలాఖరు, త్రైమాసికం చివర, ఏడాది చివర నడిచే జాబ్‌లు అందులో కనపడవు. డేటాబేస్‌కి ఎవరెవరి యూజర్ ఐడీలు లాగిన్ అవుతున్నాయో కూడా అడగండి. రెండిటినీ మ్యాప్‌తో పోల్చి చూసి, తేడాలు ఆర్కిటెక్ట్‌కి పంపండి. మీకు జాబితా పూర్తవుతుంది, వాళ్ల మ్యాప్ సరవుతుంది. ఆర్కిటెక్చర్ టీమ్‌తో స్నేహం కుదరడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు.

జాబితాలోని ఒక్కో గీతకి కొన్ని ప్రశ్నలున్నాయి. అవతలి సిస్టమ్ ఓనర్ ఎవరు? వాళ్లకి ఈ ఏడాది ఏ నెలల్లో ఫ్రీజ్ ఉంది? మనతో టెస్ట్ చేయడానికి వాళ్ల దగ్గర ఎన్విరాన్‌మెంట్ ఉందా, ఉంటే ఎప్పుడు ఖాళీ? డేటా ఫార్మాట్ మారితే మార్చుకునే ఖర్చు ఎవరిది? ఈ జవాబులు రాగానే ఆ గీత మీ ప్లాన్‌లో ఒక పని అవుతుంది, తేదీ తేలకపోతే రిస్క్ రిజిస్టర్‌లో ఒక వరస అవుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో ఒక సంగతి చెప్పాడు: ఏ సంస్థ అయినా తన లోపలి మాటామంతీ ఎలా ఉంటుందో అలాంటి సిస్టమ్‌లనే తయారుచేస్తుంది. దాన్ని తిరగేసి చదివితే ప్రాజెక్ట్ మేనేజర్‌కి పనికొస్తుంది. రెండు సిస్టమ్‌ల మధ్య గీత ఉందంటే రెండు టీమ్‌ల మధ్య మాటలు జరగాలి. ఆ మాటలకి క్యాలెండర్‌లో చోటు లేకపోతే ప్లాన్ తప్పు.

మ్యాప్‌లో చూడాల్సింది ఇంకొకటుంది, ఆ అప్లికేషన్ భవిష్యత్తు. చాలా సంస్థలు గార్ట్‌నర్ అనే సలహా సంస్థ వాడుకలోకి తెచ్చిన 'టైమ్' వర్గీకరణని వాడతాయి. ప్రతి అప్లికేషన్‌కీ నాలుగు ముద్రల్లో ఒకటి పడుతుంది: భరించండి, పెట్టుబడి పెట్టండి, వేరేచోటికి మార్చండి, తీసేయండి. మీరు ఇంటర్‌ఫేస్ కడుతున్న అవతలి సిస్టమ్ మీద 'తీసేయండి' అనే ముద్ర ఉంటే మీ డబ్బు నీళ్లలో పోసినట్టే. ఈ ఒక్క విషయం చూడటానికి పది నిమిషాలు పడుతుంది.

నాలుగో రకం: రోడ్‌మ్యాప్, మధ్య మజిలీలు

ఇప్పుడున్న స్థితి, చేరాల్సిన స్థితి అని రెండే బొమ్మలు గీస్తే ప్రాజెక్ట్ మేనేజర్‌కి పెద్దగా ఒరిగేది లేదు. అసలు కష్టమంతా ఆ రెండిటి మధ్యనే ఉంది. సగం పాతది, సగం కొత్తది నడుస్తున్నప్పుడు సంస్థ ఎలా పనిచేస్తుంది? టోగాఫ్‌లో ఈ మధ్య స్థితులకి ట్రాన్సిషన్ ఆర్కిటెక్చర్ అని పేరు. ఆర్కిమేట్ అనే గీతల భాషలో వీటినే ప్లాటో (plateau) అంటారు. రెండు ప్లాటోల మధ్య తేడా గ్యాప్, దాన్ని పూడ్చే పని వర్క్ ప్యాకేజ్. ప్రాజెక్ట్ భాషకి ఆర్కిటెక్చర్ భాష ఇంత దగ్గరగా వచ్చే చోటు ఇంకోటి లేదు.

మధ్య మజిలీలు లేకుండా దూకితే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంక్ సంగతి చాలు. లాయిడ్స్ అనే పెద్ద బ్యాంక్ నుంచి విడిపోయిన ఆ బ్యాంక్ చాలాకాలం లాయిడ్స్ ప్లాట్‌ఫామ్ మీదే నడిచింది. స్పెయిన్‌కి చెందిన సబాడెల్ బ్యాంక్ దాన్ని కొన్నాక, తమ సొంత ప్లాట్‌ఫామ్‌కి మార్చే పని పెట్టుకున్నారు. 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో, దాదాపు మొత్తం ఒకేసారి మార్చారు. డేటా సరిగ్గానే చేరింది. ప్లాట్‌ఫామ్ మాత్రం తట్టుకోలేకపోయింది. బ్యాంక్‌కి అప్పుడు 52 లక్షల మంది ఖాతాదారులు. వాళ్లలో పెద్ద భాగం ఇబ్బంది పడ్డారు, అన్ని శాఖల మీదా ప్రభావం పడింది. మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబర్ దాకా పట్టింది. 2022 డిసెంబర్‌లో రెండు నియంత్రణ సంస్థలు కలిపి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. బ్యాంక్ బోర్డు కోరగా ఒక న్యాయ సంస్థ తయారుచేసిన స్వతంత్ర నివేదిక 2019లో వచ్చింది. దశలవారీగా వెళ్లకుండా ఒకేసారి మార్చాలన్న నిర్ణయాన్ని అది గట్టిగా తప్పుపట్టింది.

ఒకేసారి మార్చాలా, దశల్లోనా అన్నది ప్రాజెక్ట్ మేనేజర్ ఒంటరిగా తేల్చగలిగేది కాదు. దశల్లో వెళ్తే రెండు సిస్టమ్‌లూ కొన్నాళ్లు పక్కపక్కనే నడవాలి. కస్టమర్ చిరునామా మార్చుకుంటే రెండు చోట్లా మారాలి. ఏది అసలైన రికార్డో ప్రతి దశకీ తేలాలి. తాత్కాలికంగా కట్టే ఇంటర్‌ఫేస్‌లకి, తర్వాత పారేసే పనికి డబ్బు పెట్టాలి. 'పారేసేదానికి ఇంత ఖర్చా' అని ఫైనాన్స్ అడుగుతుంది. ఒకేసారి వెళ్తే ఆ ఖర్చు మిగులుతుంది, రిస్క్ మొత్తం ఒక వారాంతం మీద పడుతుంది. ఈ రెండిటినీ తూచి, ప్రతి మజిలీలో ఏది ఎక్కడ నడుస్తుందో బొమ్మగా చూపగలిగేది ఆర్కిటెక్ట్. ఆ బొమ్మ చేతిలో ఉంటే స్టీరింగ్ కమిటీలో చర్చ అభిప్రాయాల మీద కాకుండా ఖర్చు, రిస్క్‌ల మీద జరుగుతుంది.

ఒక మజిలీ సరైనదో కాదో పరీక్షించడానికి తేలికైన ప్రశ్న ఒకటుంది. డబ్బు అయిపోయి ప్రాజెక్ట్ ఇక్కడే ఆగిపోతే సంస్థ ఈ స్థితిలో ఏడాది నడవగలదా? నడవలేదంటే అది మజిలీ అనిపించుకోదు. మైల్‌స్టోన్ అని పేరు పెట్టుకోవచ్చు, దాన్ని నమ్ముకుని పడుకోలేం.

ఐదో రకం: టీమే రాసుకునే నిర్ణయ పత్రాలు

చిన్న సంస్థల్లో ఆర్కిటెక్చర్ టీమ్ అనేదే ఉండదు. అక్కడ కూడా చేయగలిగింది ఇది. 2011లో మైఖేల్ నైగార్డ్ ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం ఒక్కో ముఖ్య నిర్ణయానికి ఒకటి రెండు పేజీల పత్రం రాస్తారు. శీర్షిక, పరిస్థితి, నిర్ణయం, దాని స్థితి, పర్యవసానాలు, ఇంతే. తర్వాత మనసు మారితే పాతదాన్ని చెరపరు, దీని స్థానంలో ఫలానాది వచ్చింది అని గుర్తు పెట్టి కొత్తది రాస్తారు.

ఇది డెవలపర్ల వ్యవహారం అని ప్రాజెక్ట్ మేనేజర్లు పట్టించుకోరు. చేంజ్ రిక్వెస్ట్ వచ్చిన రోజు దీని విలువ తెలుస్తుంది. ఎనిమిది నెలల కిందట ఫలానా వెండర్ టూల్ ఎందుకు వద్దనుకున్నారో రాసి ఉంటే, అదే చర్చ కొత్తగా వచ్చిన మేనేజర్‌తో మళ్లీ మొదట్నుంచీ చేయనక్కర్లేదు. పర్యవసానాల భాగంలో రాసిన ప్రతి వాక్యమూ ఒక రిస్క్ కావచ్చు కాబట్టి ఆ భాగాన్ని మీరు తప్పక చదవండి. అయితే దీనికి హద్దుంది. టీమ్ తన లోపల చూసిందే రాస్తుంది. పక్క టీమ్ ఫ్రీజ్ గురించి ఈ పత్రం చెప్పదు.

మరి మీ ప్రాజెక్ట్‌కి ఏది?

పాత సిస్టమ్‌ని తీసేసి కొత్తది పెడుతుంటే మూడో రకం, నాలుగో రకం రెండూ తీసుకోండి. వాటి విషయంలో రాజీ పడకండి. బోర్డు ఎంత మంచిదైనా దాగి ఉన్న ఇంటర్‌ఫేస్‌ని పట్టుకోలేదు, ఎందుకంటే మీరు చూపించినదాన్నే వాళ్లు చూస్తారు.

బయటి వెండర్ ప్యాకేజ్ కొంటుంటే ఆర్కిటెక్ట్ సమయం ఒప్పందం మీద సంతకం పెట్టకముందు కావాలి. ఆ తర్వాత వచ్చిన సలహా వినడానికి బాగుంటుంది, అంతకుమించి ప్రయోజనం ఉండదు. వెండర్ డెమోలో అన్నీ కనెక్ట్ అవుతాయి. డేటా మన చేతికి ఏ రూపంలో తిరిగి వస్తుంది, మన లాగిన్ వ్యవస్థతో కలుస్తుందా, ఒప్పందం ముగిస్తే డేటా ఎలా బయటికి తీసుకుంటాం అన్నవి ఆర్కిటెక్ట్ అడగాల్సిన ప్రశ్నలు. జవాబులు ఒప్పందంలో ఉండాలి, ఈమెయిల్‌లో ఉంటే లాభం లేదు.

చట్టం పెట్టిన గడువుకి చేయాల్సిన పని అయితే సంగతి వేరు. తేదీ కదలదు, కాబట్టి పరిపూర్ణమైన డిజైన్ కోసం చూసే తీరిక లేదు. ఇక్కడ మాత్రం రివ్యూ బోర్డుని ముందే కలవండి. గడువుతో కూడిన మినహాయింపు తీసుకుని, దగ్గరి దారిలో పని ముగించి, సరిచేసే పనిని తర్వాతి ఏడాది బడ్జెట్‌లో పెట్టించండి. ఇలాంటి చోట ఆర్కిటెక్ట్‌లు మనం అనుకున్నంత మొండిగా ఉండరు. వాళ్లకి కోపం తెప్పించేది చివరి వారంలో చెప్పడం.

ఒకే అప్లికేషన్ లోపల, ఒకే టీమ్ చేసే మార్పు అయితే ఇవేవీ వద్దు. నిర్ణయ పత్రాలు రాసుకుని పని కానివ్వండి. అలాంటి ప్రాజెక్ట్‌ని కూడా పూర్తి రివ్యూకి లాగే సంస్థలున్నాయి. మీది అలాంటిదైతే, డేటా బయటికి పోవడం లేదు, కొత్త టెక్నాలజీ లేదు, ఇంటర్‌ఫేస్ మారడం లేదు అని మూడు వాక్యాలు రాసిచ్చి మినహాయింపు అడగండి. చాలాచోట్ల ఇస్తారు.

రెండు సంస్థలు కలిసినప్పుడు జరిగే ప్రాజెక్టులకి ఏ అప్లికేషన్ మ్యాపూ మొదట్లో పనికిరాదు, రెండు వైపులా జాబితాలు పొంతన లేకుండా ఉంటాయి. అక్కడ బిజినెస్ కేపబిలిటీ మ్యాప్ అడగండి. సంస్థ చేసే పనులని, ఆర్డర్ తీసుకోవడం, బిల్లు వేయడం, ఫిర్యాదు తీర్చడం లాంటివి, సిస్టమ్‌లతో సంబంధం లేకుండా ఒక పేజీలో పెట్టే బొమ్మ అది. ఒకే పనికి రెండు వైపులా ఏ సిస్టమ్‌లున్నాయో దాని మీద గుర్తిస్తే స్కోప్ చర్చ మొదలుపెట్టడానికి ఒక చోటు దొరుకుతుంది.

ఎజైల్ పద్ధతిలో చాలా టీమ్‌లు కలిసి పనిచేస్తుంటే, సేఫ్ ఫ్రేమ్‌వర్క్ వాడే సంస్థల్లో ఆర్కిటెక్చరల్ రన్‌వే అనే మాట వింటారు. రాబోయే ఫీచర్లకి కావాల్సిన టెక్నికల్ పునాది ముందే సిద్ధంగా ఉండాలన్నది దాని భావం. ఆ పునాది పనులు ఎనేబ్లర్ల పేరుతో బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) ఉంటాయి. ప్రతిసారీ ఫీచర్ల ఒత్తిడికి అవే ముందు వెనక్కి జరుగుతాయి. ఆర్కిటెక్ట్ నుంచి మీరు అడగాల్సింది ఒక్కటే: ఈ ఎనేబ్లర్ జరగకపోతే ఆగిపోయే ఫీచర్ ఏది, ఎప్పుడు? ఆ జవాబుంటే ప్రొడక్ట్ ఓనర్‌తో వాదించనక్కర్లేదు.

నొటేషన్ గొడవ

జాక్‌మన్, టోగాఫ్, ఆర్కిమేట్, సీ4 లాంటి చట్రాల్లో, బొమ్మల పద్ధతుల్లో ఏది మంచిదన్న వాదన ఆర్కిటెక్ట్‌లకి వదిలేయండి. జాన్ జాక్‌మన్ 1987లో ప్రచురించిన చట్రం మాత్రం ప్రాజెక్ట్ మేనేజర్‌కి చెక్‌లిస్ట్‌లా పనికొస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో అందులోని నిలువు వరసలు ఆరు ప్రశ్నలు: ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. ప్రాజెక్ట్ డాక్యుమెంట్లలో 'ఏమిటి', 'ఎప్పుడు' నిండుగా ఉంటాయి, 'ఎందుకు' ఖాళీగా ఉంటుంది. అది చూసుకుంటే చాలు.

బొమ్మల విషయానికొస్తే, స్పాన్సర్‌కీ వెండర్‌కీ చూపించాలంటే సైమన్ బ్రౌన్ రూపొందించిన సీ4 పద్ధతిలోని పైస్థాయి బొమ్మ బాగుంటుంది. మధ్యలో మన సిస్టమ్, చుట్టూ మనుషులు, ఇతర సిస్టమ్‌లు. ఎవరికీ ట్రైనింగ్ అక్కర్లేదు. మజిలీలు, వర్క్ ప్యాకేజ్‌లు చూపాలంటే ఆర్కిమేట్ మేలు. దానికి ఆర్కి అనే ఉచిత టూల్ ఉంది. కానీ ఆ గుర్తులు తెలియనివాళ్ల ముందు పెడితే మీటింగ్ అంతా గుర్తుల వివరణలోనే గడిచిపోతుంది.

ప్లాన్‌లో ఎలా పెట్టాలి

ఏ రకం సాయం ఎంచుకున్నా అది ప్లాన్‌లో పనిగా, గంటలతో సహా కనపడాలి. 'ఆర్కిటెక్చర్ ఇన్‌పుట్' అని ఒక వరస రాసి వదిలేస్తే అది ఎవరి పనీ అవ్వదు. 'ఇంటర్‌ఫేస్ జాబితా సరిచూడటం, ఫలానా ఆర్కిటెక్ట్, మూడు రోజులు, బేస్‌లైన్‌కి రెండు వారాల ముందు' అని రాయండి. ఆ మూడు రోజులకి ఆర్కిటెక్ట్ మేనేజర్ ఒప్పుకోవాలి. వాళ్ల టీమ్ క్యాలెండర్‌లో చోటు లేకపోతే అది మీకు ఇప్పుడే తెలుస్తుంది, గో-లైవ్ టెన్షన్‌లో తెలియడం కన్నా నయం.

మొదటి మీటింగ్‌కి పెద్ద ప్రెజెంటేషన్ వద్దు. స్కోప్ ఒక పేజీలో, మీకు తెలిసిన ఇంటర్‌ఫేస్‌లు ఒక పేజీలో పట్టుకెళ్లండి. 'ఇందులో ఏం మిస్సయింది? ఇదే ఏడాది ఈ సిస్టమ్‌లని ఇంకెవరు ముట్టుకుంటున్నారు? ఇందులో దేన్ని తీసేసే ఆలోచనలో ఉన్నారు?' అని అడగండి. 'మా డిజైన్ చూడండి' అంటే వాళ్లు రివ్యూ చేసేవాళ్లుగా మాట్లాడతారు. 'ఏం మిస్సయింది' అంటే తెలిసినవన్నీ చెబుతారు.

వాళ్ల సలహా పాటించలేని సందర్భాలూ వస్తాయి. సంస్థ మూడేళ్ల లక్ష్యం, మీ ఆరు నెలల గడువు పొసగని చోట ఆర్కిటెక్ట్‌తో తాడు తెగేదాకా లాగకండి, ఒప్పుకున్నట్టు నటించనూ వద్దు. రెండు దారులనీ ఖర్చుతో, తేదీతో ఒక పేజీలో పెట్టి ఇద్దరూ కలిసి స్పాన్సర్ దగ్గరికి వెళ్లండి. నిర్ణయం ఆయనది. ఏది ఎంచుకున్నారో, ఎందుకో మాత్రం అదే రోజు రాయించి పెట్టుకోండి.